పొగాకు చేతికి చేప పడదు

మా ఇంట్లోకి గాలం వచ్చింది చేపల మీద మోజుతో కాదు, సిగరెట్ల మీద కోపంతో.

తొంభైల చివర్లో సంగతి. తూంకుంటలో ప్లాటు కొని, ఇల్లు కట్టుకుని, గోదావరి వైపు నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీలతో సహా కాపురం పెట్టిన కొత్త. మా ఆయన మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూసేవారు. మనిషి నెమ్మదస్తుడే. ఒక్క సిగరెట్ దగ్గర మాత్రం నా మాట గాలికి పోయేది. పొద్దున్న కాఫీతో ఒకటి, స్కూటర్ తీసే ముందు ఒకటి, స్కూటర్ దిగాక ఒకటి. ఇంటి గోడలకు సున్నం వేయించి ఏడాది తిరక్కుండానే ఆయన కూర్చునే మూల పసుపు తిరిగింది.

ఆ చలికాలం దగ్గు పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే దగ్గి దగ్గి ఊపిరి అందక, పెదాలు నల్లబడిపోతే, ఆటోలో వేసుకుని సికింద్రాబాదు ఆసుపత్రికి పరిగెత్తాను. కొన్నాళ్ళు ఉంచుకుని పంపించే రోజున డాక్టరు నా వైపు తిరిగి మాట్లాడాడు, ఆయన వైపు కాదు.

"ఊపిరితిత్తులు పొగచూరిపోయాయమ్మా. ఇప్పుడు మానేస్తే ఉన్నవాటితో హాయిగా బతకొచ్చు. మానకపోతే మళ్ళీ ఇక్కడికి వస్తారు. ఈసారి నేను చేయగలిగింది తక్కువ."

ఆ దగ్గు నాకు పాత చుట్టం. మా నాన్నగారిని చుట్ట తినేసింది. కాలవ గట్టున గాలం వేసుకుని, నోట్లో చుట్ట, పక్కన వానపాముల డబ్బా పెట్టుకుని కూర్చునే మనిషి, ఆఖరి ఏడాది మంచం మీద నుంచి కాలవ వైపు చూడటానికి కూడా లేవలేకపోయారు. ఆయన చేపలు పట్టే కబుర్లు పెళ్ళైన కొత్తలో మా ఆయనకు ఎన్ని చెప్పానో లెక్కలేదు. ఊ కొట్టేవారు. విన్నారో, స్టోర్స్‌లో సరుకు లెక్కలే వేసుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

సరే, మానేస్తానన్నారు. ఒట్టు కూడా వేశారు. కానీ ఏం చెప్పను, ఇల్లు నరకమైంది. యాలకులు నమిలారు, లవంగాలు నమిలారు, పిప్పరమెంట్లు చప్పరించారు. నోరు ఊరుకున్నా చేతులు ఊరుకునేవి కావు. అగ్గిపుల్లలు విరిచేవారు. కిటికీ చట్రానికి వేసిన రంగు గోటితో గీకి గీకి కర్ర తేల్చేశారు. ఒకసారి బజారు నుంచి తెచ్చిన చిక్కుడుకాయలన్నీ నేను అడక్కుండానే ఈనెలు తీసి, గింజలు వలిచి, గింజల పొట్టు కూడా వలిచి పెట్టారు. ఆ కూర వండడానికి నాకు ఏమీ మిగల్లేదు.

మా వీధి మొదట్లో కిరాణా దుకాణం ఉండేది. ఆ దుకాణం అన్నయ్యది షామీర్‌పేటే. పెద్ద పొట్ట, పెద్ద గొంతు, ఎవరింటి విషయమైనా తన విషయమే అనుకునే గుణం. నన్ను చెల్లె అనేవాడు, ఆ వరసన మా ఆయన్ని బావా అనేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు బత్తాయిలు పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడాడు.

"బావ తాగిన సిగరెట్లన్నీ నేనిచ్చినయే గద చెల్లె. నాకు నిద్ర వస్తలేదు. ఇగ నా దుకాణంల బావకు బంద్. ఇంకోడిచ్చినా ఊకోను, లొల్లి జేస్త."

అని ఊరుకోలేదు. మా ఆయన చేతుల వైపు కాసేపు చూశాడు. అప్పటికి ఆయన బత్తాయి తొక్కను చిన్న చిన్న ముక్కలుగా తుంచుతున్నారు.

"గీ పరేషానంత నోటిది గాదు బావా, చేతిది. చేతికి పని గావాలె. ఐతారం పొద్దుగాల నాతోని మా ఊరి చెరువుకు రా. గాలమేద్దాం."

మొదటి ఆదివారం మా ఆయన వెళ్ళిన తీరు చూడాల్సింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. సికింద్రాబాదులో కొన్న కొత్త గెడ, దానికి రీలు. బట్టలారేసుకునే తాడంత లావు నైలాన్ దారం. కొక్కెమైతే మేకపోతును వేలాడదీయొచ్చు. నేను గుమ్మంలో నిలబడి "తిమింగలాన్ని తెస్తే ముందు కబురు పంపండి, వీధిలో వాళ్ళని పక్కకు జరగమంటాను" అన్నాను. మధ్యాహ్నానికి చొక్కా జేబుకు గుచ్చుకున్న కొక్కెంతో, ఎండకు కందిన మెడతో తిరిగొచ్చారు. కొక్కెం తీయడానికి జేబు కత్తిరించాల్సి వచ్చింది. అయినా ఆ రోజు అన్నం తిని, అగ్గిపెట్టె ముట్టుకోకుండా, సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. నాకు అది చాలు.

ఆ తరవాత అన్నయ్య దగ్గర ఒక్కొక్కటే నేర్చుకున్నారు. వచ్చి నాకు అప్పజెప్పేవారు, నేను కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్నన్న సంగతి మర్చిపోయి. కొత్తగా గాలం పట్టేవాళ్ళు చేసే మొదటి తప్పు ఆయనా చేశారు. అన్నీ పెద్దవి కొనడం. చేప నోరు చిన్నది. కొక్కెం ఆ నోట్లో పట్టాలి. దారం సన్నగా ఉంటేనే నీళ్ళలో కనబడదు. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడపాలి, పొడిగా లాగితే అక్కడే తెగుతుంది. తెల్ల చొక్కా వేసుకుని నీళ్ళ మీదికి వంగి చూస్తే, మనకంటే ముందు చేప మనల్ని చూస్తుంది. నీడ వెనక్కి పడేలా కూర్చోవాలి.

లోతు సంగతి ఆయనకు చాలా రోజులు తలకెక్కలేదు. నీళ్ళ మీద తేలే బెండు దారానికి ఎక్కడ కట్టాలన్నది నీళ్ళు చెప్పాలి, మనం కాదు. ముందు సీసం గుండు ఒక్కటే కట్టి వేసి, అడుగు ఎక్కడుందో చూసుకోవాలి. రవ్వ చేప కోసమైతే ఎర అడుగుకు ఆనీ ఆననట్టు ఉండాలి. మేం అటువైపు శీలావతి అంటామే, అదే ఇక్కడ రవ్వ. జిలేబీ చేపలకు సగం లోతు చాలు. ఇక వేసిన చోటే వెయ్యాలి. గంటకో చోటు మారేవాడికి ఎండ తప్ప ఏమీ దొరకదు. గాలం వేయడానికి ముందే అక్కడ తవుడు ముద్దలు నాలుగు విసిరి, మన పాటికి మనం టీ తాగి రావాలి. చుట్టాలను భోజనానికి పిలిచి, విస్తరి వేయకుండా కూర్చోబెడితే ఎవరు కూర్చుంటారు?

మరి ఎర. దాంతో నా వంటింటి మీద పడ్డారు. గోధుమపిండి, వేయించి దంచిన పల్లి చెక్క, చిటికెడు బెల్లం, నా ఇంగువ. నీళ్ళలో ముద్ద విడిపోకుండా దూది పోగులు రెండు కలిపి పిసకాలి. ముద్ద చెవి తమ్మెలా మెత్తగా ఉండాలి. పూరీ పిండిలా ఉంటే కొక్కెం దిగదు, అట్ల పిండిలా ఉంటే నీళ్ళలో పడగానే చెరువు పాలు. ఇంగువ డబ్బా నెలకు రెండు అవుతుంటే మొదట్లో గొణిగాను. సిగరెట్ పెట్టెల బదులు ఇంగువ డబ్బాలే కదా అని తరవాత నోరు మూసుకున్నాను.

ఆ పిండి పిసికే దగ్గరే అన్నయ్య తన అసలు పాఠం చెప్పాడు. ఒక శనివారం సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, మా ఆయన చేతులు రెండూ పట్టుకుని వాసన చూశాడు.

"బావా, ఇగ ఇను. శాప ముక్కు మన ముక్కు లెక్క గాదు. సబ్బు వాసనొస్తే రాదు, పెట్రోల్ వాసనొస్తే రాదు. అన్నిటికంటె పొగాకు. పొగాకు చెయ్యి పెట్టిన ముద్దను శాప ముట్టనే ముట్టదు. పొద్దుగాల ఒక్కటి తాగి వస్తె ఆ దినమంత గంతే, ఖాళీ సంచితోని ఇంటికి."

"ఒక్కటి తాగినా?" అన్నారు మా ఆయన.

"ముందు రోజు తాగినా. గోర్లల్ల ఉంటది వాసన."

నేను లోపల నుంచి మంచినీళ్ళు తెస్తూ గుమ్మంలో ఆగిపోయాను. సబ్బు, పెట్రోలు సంగతి నిజమే కావచ్చు. కానీ పొగాకా? మా నాన్నగారు ఎడం చేత్తో చుట్ట తీసి, అదే చేత్తో వానపామును గుచ్చి, బుట్టల కొద్దీ చేపలు తెచ్చేవారు. కాలవలో ఉన్న చేపలన్నీ మా నాన్న చుట్ట వాసన మరిగాయేమో అనిపించేది. ఇది పచ్చి అబద్ధం. అన్నయ్య వైపు చూశాను. అతను నా వైపు చూడకుండా, నీళ్ళ గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. అది అతికింది. మా ఆయన రెండు చేతులూ ముఖం దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నారు. నేను నోరు విప్పలేదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. చేసిన పెళ్ళిని నిలబెట్టుకోవడానికి ఒక్క అబద్ధం ఆడితే తప్పేమిటి? నేనైతే ఆడనైనా ఆడలేదు, ఊరుకున్నాను అంతే.

ఆ రోజు నుంచి చేప మా ఇంటి కాపలా జవాను అయింది. ఆదివారం పొద్దున్నే చెరువుకు వెళ్ళే ముందు మా ఆయన చేతులు మట్టితో రుద్ది కడుక్కుని, నా ముఖం ముందు పెట్టేవారు. "చూడు" అనేవారు. నేను వాసన చూసి "వెళ్ళండి" అనేదాన్ని. వారంలో మిగతా రోజులు కూడా ఆయన ఆదివారాన్ని తలుచుకునే చెయ్యి కట్టుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉండేది. కంపెనీలో టీ దగ్గర ఎవరైనా సిగరెట్ అందిస్తే "వద్దయ్యా, ఎల్లుండి చెరువుకు వెళ్ళాలి" అనేవారట. వాళ్ళు నవ్వేవారట. నవ్వనీ.

చేపలు పడ్డాయి. మొదట అరచేతిలో పట్టే జిలేబీలు. తరవాత, తొలకరి పడి చెరువులోకి ఎర్రనీళ్ళు దిగిన రోజుల్లో, కిలో దాటిన రవ్వ. దాన్ని పట్టిన కథ ఎన్నిసార్లు చెప్పారో. బెండు ఊగినప్పుడే గెడ లాగకూడదు, అది రుచి చూడటం. బెండు ఏటవాలుగా జారుకుంటూ మునుగుతుందే, అప్పుడు మణికట్టు ఒక్కటి పైకి ఎత్తాలి. అంతకుముందు మా ఆయన రెండు చేతులతో వెనక్కి పడేంత ఊపు ఊపేవారు. అన్నయ్య అరిచేవాడట, "గది శాప బావా, బాయిల బొక్కెన గాదు" అని. పట్టాక తొందర వద్దు. గెడ కొన పైకి ఉంచి, అది పరిగెడితే పరిగెత్తనిచ్చి, ఆగితే చుట్టాలి. దారం చేత్తో పట్టుకోకూడదు, వేలు తెగుతుంది. ఒడ్డుకు వచ్చాక చేతివలను నీళ్ళలో ముందే ముంచి ఉంచి, చేపను తల వైపు నుంచి దాని మీదికి తేవాలి. వలతో చేప వెంట పడితే చేప పోతుంది, చెప్పూ పోతుంది. మా ఆయనకు రెండూ పోయాయి ఒకసారి.

అంతకుముందే, ఎండాకాలంలో ఒకసారి నేనూ చెరువుకు వెళ్ళాను, క్యారేజీ పట్టుకుని, షేరాటోలో. కట్ట మీద మా ఆయన ఒక్కరే టోపీ పెట్టుకుని బెండు వైపు చూస్తూ కూర్చున్నారు. ఎంత బాగున్నారో. చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. ఆ చేతులు అలా ఊరుకుని ఉండటం ఎన్ని నెలల తరవాత చూశానో. అన్నయ్య ఎక్కడని అడిగితే, తూము వెనక్కి వెళ్ళాడు, కడుపు బాగాలేదట, పొద్దుటి నుంచి నాలుగోసారి అన్నారు.

మజ్జిగ ఇద్దామని నేను అటు వెళ్ళాను. తూము గోడ వెనక అన్నయ్య గొంతుక్కూర్చుని హాయిగా బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి లేవబోయి, పొట్ట అడ్డమొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"చెల్లె, బావకు జెప్పకు."

"మరి మీకు చేపలెలా పడుతున్నాయి అన్నయ్యా? బుట్ట నిండా ఉన్నాయి కదా."

"శాపకేం దెలుసు చెల్లె బీడీ గురించి" అని బీడీ నేలకు రాసి ఆర్పేశాడు. "ఏదో ఒకటి జెప్పాలె గద. డాక్టర్ జెప్తే ఇనలే, నువ్వు జెప్తే ఇనలే. శాప జెప్తే ఇంటడేమోనని జెప్పిన."

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. సిగరెట్లు అమ్ముకుని బతికే మనిషి, మా ఆయన ఎదుట బీడీ కూడా తాగలేక, ప్రతి ఆదివారం కడుపునొప్పి నటిస్తున్నాడు. మా నాన్న చుట్ట సంగతి చెప్పాను. అతను కళ్ళు పెద్దవి చేసి, "అంటే గా దినమే నీకెరికేనా?" అని, మజ్జిగ చెంబు అందుకుని, "నువ్వు మస్తు దొంగవు చెల్లె" అన్నాడు. ఇద్దరం ఏమీ ఎరగనట్టు కట్ట మీదికి వచ్చాం.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా కార్తీకం వచ్చింది.

మా ఇళ్ళల్లో కార్తీక మాసం నీసు ముట్టం. ముట్టనప్పుడు పట్టడమెందుకని గెడ అటక మీద పెట్టించాను. ఆ నెలంతా నేను తెల్లారకుండా తలస్నానాలు, దీపాలు, ఉసిరికాయలు. అన్నయ్య ఒక మాట అననే అన్నాడు, "నెల దినాలు చెయ్యి ఖాళీగ ఉంటది చెల్లె, సూస్కో" అని. నేను శివుడు చూసుకుంటాడన్నాను. శివుడికి నా ఒక్కదాని ఇల్లేనా?

కార్తీకం వెళ్ళి, పోలి స్వర్గం నాడు దీపాలు నీళ్ళలో వదిలాక వచ్చిన ఆదివారం మా ఆయన గెడ దించారు. చేతులు వాసన చూపించకుండానే, నేను పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళిన సందు చూసుకుని వెళ్ళిపోయారు. అన్నయ్య ఆ రోజు వాళ్ళ బంధువుల పెళ్ళికి పోయాడు. పదింటికల్లా, ఎప్పుడూ లేనంత తొందరగా, మా ఆయన సంచి నిండా చేప పట్టుకొచ్చారు. రెండు కిలోలకు తక్కువుండదు, రవ్వ. "ఇవాళ బాగా పడింది" అని, సంచి సింకు దగ్గర పెట్టి, పేపరు తీసుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

కత్తిపీట ముందేసుకుని చేపను చేతిలోకి తీసుకోగానే నా చూపు దాని నోటి దగ్గర ఆగింది. గాలానికి పడిన చేప పెదవికి గాటు ఉంటుంది. ఎక్కడో ఒక చోట, పైనో పక్కనో, చిన్న చిరుగు. ఈ చేప నోరు పసిపిల్ల నోరులా శుభ్రంగా ఉంది. మొప్పల వెనక మాత్రం చుట్టూ వల దారం ఒరిపిడి, పొలుసులు లేచిపోయి. చెరువు కట్ట కింద అమ్మేవాళ్ళ దగ్గర కొన్న చేప.

చేప కొనుక్కొస్తే కొంప మునిగిందా అని మీరనొచ్చు. ఈ వీధిలో ఆదివారం చేప కొనని ఇల్లు లేదు. కానీ పట్టానని కొనుక్కొచ్చిన చేప అది. దాని అర్థం నాకు ఒక్కటే. నా మనిషి మళ్ళీ కాల్చాడు. నాకు ఆసుపత్రి బల్ల కనిపించింది, ఆ నల్లబడ్డ పెదాలు కనిపించాయి, మా నాన్న మంచం కనిపించింది. ఏడుపు వచ్చింది. అంతకంటే ముందు ఒళ్ళు మండింది. కత్తిపీట అవతల పారేసి వీధి వినేటట్టు కడిగేద్దామనుకున్నాను.

కానీ నేను పులుసే పెట్టాను. చింతపండు చిక్కగా తీసి, ఉల్లిపాయ నూరి, మెంతిపొడి వేసి, మా అమ్మ పెట్టినట్టు మట్టి దాకలో సన్నసెగ మీద పెట్టాను. విస్తట్లో మాత్రం తలకాయ వడ్డించాను, నోరు ఆయన వైపు తిప్పి. ఏ గాటూ లేని ఆ నోరు తెరుచుకుని ఆయన వైపే చూస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

ఆయన అన్నం కలపలేదు. చేప తలకాయను చూశారు, నన్ను చూశారు. కాలవ గట్టు పిల్లనని అప్పుడు గుర్తొచ్చిందేమో.

"ఇవాళ గాలం వేయలేదు" అన్నారు.

"తెలుసు."

"శుక్రవారం ఆఫీసులో విందు. ఒకటి కాల్చాను. ఒకటే."

"డాక్టరు దగ్గర నన్ను ఒంటరిగా నిలబెట్టకండి" అన్నాను. ఇంకా చాలా అందామనుకున్నాను. "నాకు భయంగా ఉందండీ. మా నాన్నని చూశాను. మిమ్మల్ని అలా చూడలేను. అంతే."

ఆయన ఎడమ చెయ్యి నా చేతి మీద వేశారు. తరవాత ఆయన లేచి, విస్తట్లోని తలకాయ తీసి పక్కన పెట్టి, "దీన్ని ఇటు తిప్పకే, భయమేస్తోంది" అన్నారు. నవ్వలేక నవ్వాను. పులుసు మాత్రం అద్భుతంగా కుదిరింది. కోపంతో వండితే కూర బాగుంటుందని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆ మరుసటి ఏడాది నుంచి మా ఇంట్లో కార్తీకం మారింది. ఆ నెలలో కూడా గాలం వేయొచ్చు, పట్టినది వదిలేయాలి. ఇది నేను పెట్టిన శాస్త్రం. అన్నయ్య విని దుకాణంలో పడీపడీ నవ్వాడు. "పట్టుడు పాపం, ఇడుసుడు పుణ్యం. హిసాబ్ బరాబర్ జేసినవ్ చెల్లె" అన్నాడు. వీధిలో అమ్మలక్కలు కార్తీక సోమవారాల మధ్య ఆదివారం నాడు చెరువేమిటని బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ, వాళ్ళ బుగ్గలు. కొక్కెం కొన దగ్గరి ముల్లును పట్టకారుతో నొక్కేస్తే చేప నోట్లోంచి తేలిగ్గా జారుతుంది. చెయ్యి తడి చేసుకునే చేపను పట్టుకోవాలి, పొడి చేత్తో పడితే దాని ఒంటి జిగురు పోయి చస్తుంది. నీళ్ళలో దాన్ని నిటారుగా పట్టుకుని, తోక ఆడించేదాకా ఆగి వదలాలి. ఇవన్నీ మా ఆయన కార్తీకంలోనే నేర్చుకున్నారు. వదిలిన చేప వెళ్ళిపోతుంటే ఆయన ముఖంలో, తెచ్చిన చేప కంటే ఎక్కువ సంతోషం కనిపించేది.

ఏళ్ళు గడిచాయి. కరీంనగర్ రోడ్డు వెడల్పయింది, తూంకుంట చుట్టూ కొత్త లేఅవుట్లు లేచాయి, మా చిన్న ఇంటి పక్కన మూడంతస్తుల ఇళ్ళు వచ్చాయి. మా ఆయన మెట్లు ఆగకుండా ఎక్కడం మొదలుపెట్టారు. ఆ దగ్గు మళ్ళీ రాలేదు. డాక్టరు ఒకసారి ఛాతీకి ఎక్స్‌రే తీయించి చూసి, ఈసారి ఆయన వైపు తిరిగి మాట్లాడాడు. నేనూ ఒక వెదురు గెడ సంపాదించుకుని ఆదివారాలు చెరువుకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఆయన కంటే నాకే ఎక్కువ పడతాయి. ఆ సంగతి ఆయన్ని అడక్కండి, ఒప్పుకోరు.

రెండు వేల ఆరో, ఏడో. వానలు వెళ్ళి చెరువు నిండుగా ఉన్న ఒక ఆదివారం. యాప్రాల్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి కొత్త గెడ, కొత్త టోపీతో వచ్చాడు, అచ్చం మా ఆయన మొదటి రోజులాగే. గాలి వీచే వైపు ఒడ్డున వేయమని, బెండు కిందికి జరపమని మా ఆయన నేర్పిస్తున్నారు. అతని చొక్కా జేబులో సిగరెట్ పెట్టె చూసి ఆగారు.

"అది ఉంటే మీకు చేప పడదు. పొగాకు చేతిని చేప ముట్టదు. నా అనుభవం" అన్నారు, గుడిలో పూజారిలా.

అతను సరేనని వినయంగా చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. అటు పక్కన అన్నయ్య దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకుని, కడుపు పట్టుకుని తూము వైపు నడిచాడు.

ఇక నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్నాను. ఇప్పుడు చెబితే ఏమవుతుంది, మనిషి గట్టెక్కాడు కదా అనుకున్నాను.

"ఏవండీ, ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకూడదు. మా నాన్నగారు..."

"నోట్లో చుట్ట పెట్టుకుని, అదే చేత్తో వానపామును గుచ్చేవారు. బుట్టెడు చేపలు తెచ్చేవారు" అన్నారు ఆయన, బెండు మీద నుంచి చూపు తిప్పకుండా. "పెళ్ళైన కొత్తలో వందసార్లు చెప్పావు."

నా చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. ఊ కొట్టిన మనిషి అన్నీ విన్నాడన్నమాట.

"అయితే మొదటి రోజు నుంచే తెలుసా? మరి అన్నయ్య మాట..."

"వాడి కడుపునొప్పి కూడా తెలుసు. గాలి ఇటు వీస్తే బీడీ వాసన రాదటే?"

"మరి ఆ కార్తీకం అయ్యాక చేప కొనుక్కొచ్చారేం? పొగాకు చేత్తోనే గాలం వేస్తే పడేది కదా."

కొంగలు నీళ్ళ మీద తక్కువ ఎత్తులో వెళుతున్నాయి. తూము వెనక నుంచి బీడీ వాసన సన్నగా వస్తోంది.

"ఆ రోజు పిండి చేతిలో పట్టుకుని ఇక్కడే కూర్చున్నాను. వేయడానికి చెయ్యి రాలేదు. పడుతుందేమోనని భయమేసింది" అన్నారు. "పడితే ఇక నన్ను ఆపేది ఏదీ లేదు కదా."

ఆయన చెరువులో చేతులు ముంచి, ఒడ్డు మట్టి తీసి రుద్ది, కడుక్కుని, ఎప్పటిలాగే నా ముఖం ముందు పెట్టారు.

"చూడు" అన్నారు.

మట్టి వాసన, ఇంగువ వాసన. నేను ఆ చేతులు కాసేపు వదల్లేదు.

"వేయండి" అన్నాను.